అడిగిన పాపాన పోలేదు

అడగకపోతే నూటికి 14 మంది. అడిగితే 58 మంది.

1997లో స్పెయిన్ దేశపు వైద్యులు అచ్చువేయించిన లెక్క ఇది. ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, పారాక్సెటిన్, ఫ్లూవోక్సమైన్ అనే నాలుగు డిప్రెషన్ మందుల్లో ఏదో ఒకటి వాడుతున్న 344 మందిని వాళ్ళు పరిశీలించారు. మందు మొదలయ్యాక పడకగదిలో ఏమైనా తేడా వచ్చిందా అన్నది రోగే నోరు తెరిచి చెప్పాలని ఊరుకుంటే నూటికి 14 మంది చెప్పారు. డాక్టరే సూటిగా అడిగితే 58 మంది వచ్చిందన్నారు. మందులు అవే. మధ్యలో తేలిన ఆ 44 మందీ ఒక్క ప్రశ్న కోసం కాచుకుని కూర్చున్నవాళ్ళు.

ఆ 44 మందిలో నేనూ ఒకదాన్ని. స్పెయిన్‌లో కాదు, గుంటూరులో. ఇన్నేళ్ళుగా మందు రాయించుకుంటున్నాను, డాక్టర్లు మారారు, బ్రాండ్లు మారాయి, ఫీజులు పెరిగాయి. ఆ ప్రశ్న మాత్రం ఏ గదిలోనూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఆ ప్రశ్న సిగ్గుతో కూడుకున్నది, పోనీ అనుకుందాం. కడుపెలా ఉంది, ఒళ్ళేమైనా వచ్చిందా, చేతులు వణుకుతున్నాయా, నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా అని అడగడానికేం సిగ్గు?

నా కోపం మాత్ర మీద కాదు. ఈ మాట ముందే చెప్పి పెట్టుకోవాలి. లేకపోతే రేపు ఎవరో పెద్దమనిషి ఈ వ్యాసం పట్టుకుని "చూశారా, వాడినావిడే రాసింది, ఇంగ్లీషు మందులన్నీ విషమేనని" అంటూ తన కషాయం సీసా అమ్ముకుంటాడు. తెల్లారి లేచి పళ్ళు తోముకోవడమే కొండెక్కినంత పనిగా తోచిన రోజుల్లో, బోర్డు ముందు నిలబడి ఏ పాఠం చెబుతున్నానో మర్చిపోయిన రోజుల్లో, నన్ను మళ్ళీ మనుషుల్లో కలిపింది ఈ మాత్రే. అవసరమైనవాళ్ళు వేసుకోవాలి. వేసుకుంటున్నవాళ్ళు ఇది చదివి ఆపకూడదు. నా కోపమంతా ఆ మాత్ర రాసి, నా ఒంట్లో ఏం జరగబోతోందో చెప్పనివాళ్ళ మీద. జరిగాక చెప్పబోతే విననివాళ్ళ మీద.

మొదటి వారం కడుపులో ఒకటే తిప్పు. ఇడ్లీ ఆవిరి తగిలినా వాంతి వచ్చేటట్టుండేది. నోరు పిడచకట్టుకుపోయి క్లాసులో రెండు వాక్యాలకోసారి నీళ్ళసీసా ఎత్తాల్సి వచ్చేది. రాత్రి పట్టే చెమటకి దిండు తడిసేది. పొద్దున్నే దవడలు నొప్పి. నిద్రలో పళ్ళు పటపటా కొరుకుతున్నానని మా ఆయన చెబితే తెలిసింది. చాక్‌పీసు పట్టుకున్న చేయి సన్నగా వణుకుతుంటే ముందు బెంచీ పిల్లలు మొహమొహాలు చూసుకునేవాళ్ళు. ఉన్న దిగులుకి తోడు, ఏదో పెద్ద జబ్బు పట్టుకుందన్న భయం. గుండె పరీక్షలైనాయి, థైరాయిడ్ పరీక్షలైనాయి, డబ్బు వదిలింది. ఇవన్నీ ఆ మాత్రకి బాగా తెలిసిన లక్షణాలే అని, చాలామందికి కడుపు తిప్పడం ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుందని చెప్పే నాథుడు లేడు.

ఇదేమన్నా బ్రహ్మరహస్యమా? ఈ రకం మాత్రలు పనిచేసేది సెరటోనిన్ అనే రసాయనం మీద. మన ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం ఉండేది పేగుల్లో. మాత్ర తలకోసమే వేసుకున్నా దానికి దారిలో కడుపు తగులుతుంది, తిప్పుతుంది. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే కణాల్లోనూ సెరటోనిన్ ఉంటుంది. అందుకే ఈ మాత్రలు వాడేవాళ్ళు మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కూడా మింగుతుంటే కడుపులో రక్తస్రావమయ్యే ప్రమాదం పెరుగుతుంది. మన ఊళ్ళలో ఒళ్ళునొప్పులంటే ఆర్‌ఎంపీ డాక్టరు చేసే మొదటి పని డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఎక్కించడం. ఆయనకు మన మాత్ర సంగతి తెలీదు. మనకి ఆయన ఇంజెక్షన్ సంగతి తెలీదు. రెండూ తెలిసినవాడు పట్నంలో ఏసీ గదిలో కూర్చుని "నెక్స్ట్" అంటుంటాడు.

ఆ డాక్టరు చెప్పాల్సిన మాటలు ఇవే: మాత్ర టిఫిన్ తిన్నాక వేసుకోండి, తిప్పడం తగ్గుతుంది. నిద్ర చెడితే పొద్దున వేసుకోండి, మగతగా ఉంటే రాత్రికి మార్చుకోండి, ఏది చేసినా నాకు చెప్పి చేయండి. మంచం మీంచి ఒక్కసారిగా లేవకండి, అంచున కాసేపు కూర్చుని లేవండి. నోరు ఎండితే తీపి బిళ్ళలు చప్పరించకండి, అసలే లాలాజలం లేదు, పళ్ళు పుచ్చిపోతాయి. గుక్కెడు గుక్కెడు నీళ్ళు తాగండి. నొప్పుల మాత్ర, దగ్గు మందు ఏది కొన్నా ఈ చీటీ చూపించి కొనండి, ముఖ్యంగా ట్రమడాల్ ఇస్తుంటే. నెలకోసారి బరువు చూసుకోండి. ఎంత ఇబ్బంది పెట్టినా ఒక్కసారిగా ఆపకండి, ముందు నాకు ఫోన్ చేయండి. ఇదంతా గడియారం పెట్టుకుని పైకి చదివి చూశాను. నిమిషమున్నర పట్టలేదు. ఈ నిమిషమున్నర దొరక్కే నేను గుండె డాక్టరు వరండాలో పూటంతా కూర్చున్నాను.

సమయం లేదంటారు. నిజమే, లక్షమందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా లేని దేశం మనది. ఓపీ ముందు జనం తిరనాళ్ళలా ఉంటారు. ఒప్పుకుంటాను. మరి అదే వరుసని దాటుకుని, టై కట్టుకుని బ్యాగు పట్టుకుని వచ్చిన మెడికల్ రెప్ లోపలికెళ్ళి కొత్త బ్రాండు గురించి చెబుతుంటే ఆ సమయం ఎక్కణ్ణించి వచ్చింది? ఇంకోటి. షుగరు డాక్టరు దగ్గరా జనమే. అక్కడ నర్సమ్మ చీటీ రాసేటప్పుడే బరువు చూస్తుంది, బీపీ చూస్తుంది, "కాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నాయా?" అని అడుగుతుంది. మా మానసిక వైద్యుడి ఓపీలోనూ బరువు చూసే మిషను ఉంది. దాని మీద పాత ఫైళ్ళు పెట్టారు.

పడకగది సంగతికొస్తాను. రాయకూడదని ఇంట్లోవాళ్ళు అన్నారు. ఎవరూ రాయకపోబట్టే కదా ఇలా తగలడింది. ఈ మాత్రలు కోరిక తగ్గిస్తాయి, తృప్తిని ఆలస్యం చేస్తాయి, కొందరికి అసలు లేకుండా చేస్తాయి. మగవాళ్ళకీ, ఆడవాళ్ళకీ. అది తెలియని ఇంట్లో ఏం జరుగుతుంది? భార్య తనంటే ఇష్టం పోయిందని మొగుడు మొహం మాడ్చుకుంటాడు. మొగుడికి ఇంకెక్కడో ఏదో ఉందని భార్య ఫోను వెతుకుతుంది. పెళ్ళి కుదిరిన కుర్రాడు ఎవరికీ చెప్పుకోలేక ముహూర్తానికి ముందే మాత్రలు డ్రైనేజీలో పారేస్తాడు. నేను ధైర్యం చేసి, నాకు నేనే నోరు తెరిచి, ఒక డాక్టరుకి చెప్పాను. ఆయన నావైపు కాదు, పక్కన కూర్చున్న మా ఆయన వైపు చూసి చిన్నగా నవ్వి, నాతో అన్నారు: "పిల్లలు పెద్దవాళ్ళయ్యారు కదమ్మా, ఇంకా ఇప్పుడు అదేం సమస్య?"

నలభై దాటిన ఆడదానికి ఒళ్ళు ఉండటమే ఒక సమస్య ఈయనకి. మోతాదు తగ్గించి చూడొచ్చు, బ్యుప్రోపియాన్ లాంటి ఆ ఇబ్బంది తక్కువ పెట్టే మందుకి మార్చి చూడొచ్చు, కొన్నాళ్ళు ఆగి చూద్దామని కనీసం చెప్పొచ్చు. ఆయన నవ్వారు.

దీన్ని వైద్యలోకం ఎరగదా అంటే, ఎంత బాగా ఎరుగునో చెబుతాను. మగవాళ్ళలో శీఘ్రస్ఖలనానికి మన మందుల షాపుల్లో డపోక్సెటిన్ అనే మాత్ర అమ్ముతారు. అది ఈ డిప్రెషన్ మాత్రల కుటుంబానికి చెందినదే. త్వరగా ఒంట్లోంచి పోయే రకం. ఈ కుటుంబం మాత్రలు తృప్తిని ఆలస్యం చేస్తాయి కాబట్టి, ఆ ఆలస్యాన్నే సరుకు చేసి అమ్ముతున్నారు. అమ్ముకోవడానికి పనికొచ్చినచోట అది మందు. అనుభవించాల్సి వచ్చినచోట రోగి భ్రమ.

చరిత్ర తిరగేస్తే ఇంకా ఒళ్ళు మండుతుంది. 1952లో న్యూయార్క్ స్టేటన్ ఐలండ్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయరోగులకి ఇప్రోనియజిడ్ అనే మందు ఇచ్చి చూస్తున్నారు. ఊపిరితిత్తుల కోసమిచ్చిన మందుకి రోగులు హుషారుగా తిరగడం, ఆకలేస్తోందనడం, నవ్వడం మొదలుపెట్టారు. అది మందు చేయాల్సిన పని కాదు, పక్కన వచ్చిన ప్రభావం. దాన్ని అక్కడివాళ్ళు కళ్ళు పెట్టి చూశారు, రాసి పెట్టుకున్నారు. స్విట్జర్లాండ్‌లో రోలండ్ కూన్ ఇంకో జబ్బు కోసం వచ్చిన ఇమిప్రమిన్‌ని దిగులుతో కుంగిపోయినవాళ్ళకి ఇచ్చి, రోజూ వాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు చెప్పింది విని 1957లో లోకానికి చెప్పాడు. డిప్రెషన్ మందులన్న శాస్త్రమే అలా పుట్టింది, రోగి ఒంట్లో వచ్చిన చిన్న మార్పుని పట్టించుకున్నవాళ్ళ చేతుల్లో. ఇవాళ ఆ మందులు రాసే చేతులకి రోగి మొహం వైపు చూసే తీరికే లేదు.

దయ చూపమని అడగడం లేదు. చట్టం అడుగుతోంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. అమల్లోకి వచ్చింది 2018 మే 29న. అందులో 22వ సెక్షన్ ఉంది. మానసిక అనారోగ్యం ఉన్న మనిషికి తన జబ్బు ఏమిటో, తనకివ్వబోయే చికిత్స ఏమిటో, ఆ చికిత్సకి తెలిసిన దుష్ప్రభావాలేమిటో తెలుసుకునే హక్కు ఉందని రాసి ఉంది. అక్కడితో ఆగలేదు, ఆ సమాచారం ఆ మనిషికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే రూపంలో అందాలని కూడా ఉంది. పార్లమెంటు చేసిన చట్టం. నా చేతికొచ్చే చీటీ మీద ఏముంది? కోడి గీతల్లాంటి ఇంగ్లీషులో మాత్ర పేరు, కింద రెండు సున్నాలు, ఒక ఒకటి. మందుల షాపులో కత్తెరతో కత్తిరించిన స్ట్రిప్పు ముక్క. వివరాల కాగితమంటూ ఉంటే అది డబ్బాలోనే ఉండిపోతుంది, అదీ చీమతలంత ఇంగ్లీషు అక్షరాల్లో. మిరపకోతకి పోయే మనిషికి అర్థమయ్యే భాష, అర్థమయ్యే రూపం అదేనా?

మిరపకోత అని ఊరికే అనలేదు. దుష్ప్రభావం అందరి ఒంట్లోనూ ఒకేలా పడదు. ఏసీ ఆఫీసులో కూర్చునే ఆయనకి మగతంటే కునుకు. ఆటో నడిపేవాడికి అది ఎదురుగా వచ్చే లారీ. అమిట్రిప్టిలిన్ అని 1960ల నాటి మందు ఒకటుంది. చవక, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో కూడా ఉన్నది. అది నోటిని ఎండబెడుతుంది, మలబద్ధకం తెస్తుంది, ఒంటేలు బిగబడేటట్టు చేస్తుంది, నిలబడగానే బీపీ పడేస్తుంది, చెమట పట్టనివ్వదు. చెమట పట్టకపోతే ఒళ్ళు చల్లబడదు. ఇప్పుడా మందుని రెంటచింతల ఎండలో పొద్దస్తమానం వంగి కాయ కోసే ఆడమనిషికి ఇచ్చి చూడండి. వడదెబ్బ తగిలి పడిపోతే "ఎండకి పోయింది" అంటారు. మాత్ర సంగతి ఎవరికి గుర్తుంటుంది? కుట్టుమిషను మీద బతికే అమ్మాయికి వేళ్ళు వణికితే ఆ వారం జాకెట్లన్నీ తిరిగొస్తాయి. కూలి పోయిన రోజుకి ఏ డాక్టరూ పరిహారమివ్వడు కాబట్టి, ఆ అమ్మాయి తనకి తెలిసిన ఒకే ఒక వైద్యం చేసుకుంటుంది. మాత్ర మానేస్తుంది.

రెండు మందులు కలిపి ఒకే మాత్రగా చుట్టి ఇవ్వడం మన దేశంలో ఇంకో ముచ్చట. ఎస్సిటాలోప్రామ్‌తో క్లోనజెపామ్ కలిపి ఒకే బిళ్ళ. మొదటిది డిప్రెషన్ మందు. రెండోది మత్తు రకం, కొన్నాళ్ళు వాడితే ఒళ్ళు దానికి అలవాటు పడుతుంది. ఆ బిళ్ళలో ఇద్దరున్నారని మింగేవాడికి తెలియదు. నిద్ర తూగుతుంటే దేనివల్ల తూగుతున్నాడో తెలియదు. మానేస్తే రెండూ ఒకేసారి ఆగిపోతున్నాయని అసలు తెలియదు. ఇంటింటా "ఆ మందులకి అలవాటు పడిపోతావే" అని భయపెట్టే అత్తలూ మేనమామలూ ఊరికే పుట్టుకురాలేదు. వాళ్ళు చూసిందాన్ని వాళ్ళకి తెలిసినట్టు చెబుతున్నారు. విడమర్చి చెప్పాల్సినవాడు నోరు మూసుకున్నచోట తెలియనివాడు మాట్లాడతాడు. "వేడి చేసింది, మజ్జిగ తాగు" అంటారు. "అవి నిద్రమాత్రలే, మానెయ్" అంటారు. ఆ మాటన్నా అనే మనిషి ఉన్నందుకు సంతోషించాలి కాబోలు.

మా పెద్దమ్మ సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. పెదనాన్న పోయాక ఆవిడ తిండి మానేసింది, మాట మానేసింది. ఎస్సిటాలోప్రామ్ మొదలుపెట్టారు. మంచిదే. అప్పటికే ఆవిడ బీపీకి వాడే మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ అనే నీళ్ళమందు కలిసి ఉంది. ఆ రెండూ కలిస్తే పెద్ద వయసువాళ్ళలో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, రక్తంలో సోడియం పడిపోవచ్చు. ఈ సంగతి వైద్య విద్యార్థుల పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. రెండో వారానికి పెద్దమ్మ తూలడం మొదలుపెట్టింది. మూడో వారానికి మా అక్కని ఎప్పుడో పోయిన తన చెల్లెలి పేరు పెట్టి పిలిచింది. చీటీ రాసినాయనకి ఫోన్ చేస్తే కాంపౌండరు ఎత్తి "వయసు మీద పడింది కదండీ, అలాగే ఉంటుంది, వచ్చే నెల తీసుకురండి" అన్నాడు. వచ్చిన చుట్టాలందరూ అదే పాట. వయసు మీద పడింది, మతిమరుపు. ఒక రాత్రి మూర్ఛ వచ్చింది. క్యాజువాలిటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ, ఇంకా హౌస్ సర్జనేమో కూడా, మందుల సంచీ మొత్తం బల్ల మీద గుమ్మరించి ఒక్కో స్ట్రిప్పూ చదివింది. "ఈ మాత్ర ఎప్పుడు మొదలుపెట్టారండీ?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న. సోడియం 135కి తగ్గకుండా ఉండాలి, ఆవిడకి 116 వచ్చింది. రెండు మాత్రలూ ఆపారు, నెమ్మదిగా సరిచేశారు, పెద్దమ్మ అక్కని అక్క పేరుతో పిలిచింది. తర్వాత వేరే రకం మాత్ర మొదలుపెట్టి, వారానికే రక్తపరీక్ష చేయించారు. అంటే చేయగలరు! సోడియం పరీక్షకయ్యే ఖర్చు ఆ డాక్టరు గారి ఫీజులో సగం ఉండదు.

ఆవిడ బతికింది కాబట్టి కోపమని రాస్తున్నాను.

మాత్ర ఆపినప్పుడు జరిగేది ఇంకో అన్యాయం. మా కాలేజీలో పనిచేసే ఒకాయన వెన్లాఫాక్సిన్ వాడేవారు. ఒళ్ళొచ్చేసింది, ఇంట్లో ఇబ్బందిగా ఉందని చెప్పబోతే వినలేదట. విసుగొచ్చి ఒకరోజు మొత్తం మానేశారు. రెండో రోజుకల్లా తల దిమ్మెక్కి, కళ్ళు పక్కకి తిప్పితే చాలు తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనేదట. వాంతులు, ఊరికే ఏడుపు, నిద్రలేదు. ఇంట్లోవాళ్ళు "చూశారా, అలవాటైపోయారు" అన్నారు. డాక్టరు "జబ్బు తిరగబెట్టింది" అని మోతాదు పెంచారు. "ఎప్పుడు ఆపారు? ఎలా ఆపారు?" అని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. వెన్లాఫాక్సిన్, పారాక్సెటిన్ ఒంట్లోంచి త్వరగా పోతాయి, అందుకే హఠాత్తుగా ఆపితే అంత గట్టిగా తగులుతుంది. ఫ్లూఆక్సెటిన్ వారాల తరబడి ఉండి నెమ్మదిగా పోతుంది. ఏ మాత్రయినా మెట్టు మెట్టుగా దించాలి. మోతాదు తగ్గేకొద్దీ మెట్లు ఇంకా చిన్నవి కావాలని 2019లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలోనే వచ్చింది. ప్రభుత్వాసుపత్రిలో మందుల కిటికీ దగ్గర "స్టాకు లేదు, వచ్చే వారం రా" అన్నప్పుడు ఆ మెట్లు ఎవరు కడతారు? ఆ వారం కరెంటు కొట్టేది కిటికీ వెనకున్నవాడి తలలో కాదు కదా.

బయటి దేశాల్లో ఏదో గొప్పగా ఉందని కాదు. బ్రిటన్‌లో ఏళ్ళ తరబడి, మాత్ర ఆపితే వచ్చే ఇబ్బందులు చిన్నవే, వారం రోజుల్లో వాటంతటవే పోతాయని మార్గదర్శకాల్లో రాసుకున్నారు. అనుభవించినవాళ్ళు మొత్తుకుని మొత్తుకుని, చివరికి 2019లో అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ మాట మార్చుకుంది: కొందరికి అవి తీవ్రంగా, చాలాకాలం ఉండవచ్చని ఒప్పుకుంది. అదే ఏడాది యూరప్ మందుల సంస్థ, ఈ మాత్రలు ఆపాక కూడా కొందరిలో లైంగిక ఇబ్బందులు మిగిలిపోవచ్చని మందు వివరాల్లో హెచ్చరిక చేర్చమంది. రోగులు చెప్పారు కాబట్టి రాశారు. మనవాళ్ళు ఎక్కడ చెప్పాలి? ఎవరు రాస్తారు?

రాయడానికి ఒక చోటుంది, ఎవరూ చెప్పరు గాని. ఘజియాబాద్‌లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఉంది. 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమాన్ని అదే నడుపుతోంది. మందు వల్ల ఇబ్బంది వస్తే రోగి తానే ఫిర్యాదు చేయొచ్చు. 1800-180-3024కి ఫోన్ చేయొచ్చు, డబ్బు పడదు. నింపి పంపడానికి తెలుగు ఫారం కూడా ఉంది. ఈ నంబరున్న కాగితం ఒక్కటంటే ఒక్కటి మా ఊరి మానసిక వైద్యశాలల గోడల మీద నేను చూడలేదు. గోడల నిండా మందుల కంపెనీ క్యాలెండర్లు, నవ్వుతున్న కుటుంబాల బొమ్మలు.

పిల్లల మాట ఒకటి మిగిలింది, క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే రాస్తుంటే చేయి నిలవడం లేదు. 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ మాత్రల వివరాల కాగితంలో చుట్టూ నల్లగీత గీసిన హెచ్చరిక వేయించింది, 2007లో దాన్ని 24 ఏళ్ళవాళ్ళ వరకూ పెంచింది. పిల్లల మీద జరిపిన పరీక్షల్లో ఎవరూ చనిపోలేదు; కాని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో నూటికి ఇద్దరికి, అసలు మాత్ర వేసుకున్నవాళ్ళలో నలుగురికి ఆత్మహత్య ఆలోచనో, ప్రయత్నమో కనిపించింది. పిల్లలకి మందు ఇవ్వొద్దని కాదు ఆ హెచ్చరిక. మొదటి వారాల్లో కనిపెట్టి ఉండండి, కూర్చోనీక నిలబడనీక ఒంట్లో ఆరాటం పుట్టినా, చికాకు పెరిగినా వెంటనే డాక్టరుకి చెప్పండి అని. కనిపెట్టి ఉండాల్సినవాళ్ళు ఎవరు? తల్లీతండ్రీ. విజయవాడ హాస్టల్లో ఇంటర్ చదివే పిల్లకి మాత్రలు రాసి పంపేటప్పుడు ఆ తల్లికి ఈ నాలుగు మాటలు చెప్పారా? నా దగ్గర చదివిన పిల్ల తల్లిని నేనే అడిగాను. "రాత్రిపూట ఒకటి వేసుకోమన్నారండి" అంది. అంతే చెప్పారట. మాత్ర కవరు మీద హాస్టల్ వార్డెన్ ఫోన్ నంబరు నేనే రాసిచ్చాను, 14416 కూడా రాశాను. టెలీమానస్. 2022 అక్టోబరు 10 నుంచి నడుస్తోంది, తెలుగులో మాట్లాడతారు. అది చెప్పడం తెలుగు పాఠాలు చెప్పుకునే నా పనా?

నాకు తెలుసు, మంచి డాక్టర్లున్నారు. పెద్దమ్మ సంచీ గుమ్మరించిన పిల్ల ఉంది. అలాంటి ఒకరిద్దరి మంచితనం మీద ఇంతమంది ఒళ్ళు ఆధారపడి ఉండటమే నన్ను మండిస్తోంది. 22వ సెక్షన్ మంచివాళ్ళ కోసం రాయలేదు.

వచ్చే నెల నా వంతు వచ్చినప్పుడు ఒక కాగితం బల్ల మీద పెడతాను. తెలుగులో టైపు చేయించాను. కడుపు, నిద్ర, చెమట, వణుకు, బరువు, పళ్ళు, కళ్ళు తిరగడం, ఒంటేలు, దాంపత్యం, నెలసరి, వేరే మందులు, కిందటిసారి సోడియం ఎప్పుడు చూశారు. ఒక్కోదాని పక్కన ఒక గడి. నర్సమ్మ వరుసలోనే నింపేయొచ్చు, డాక్టరు గారు అరనిమిషంలో చూసేయొచ్చు. వంద కాపీలు తీయించాను, నా వెనక కూర్చునేవాళ్ళ కోసం. "ఇవన్నీ చూడటానికి టైం లేదమ్మా" అంటారని తెలుసు. ఆ మాటే ఆ కాగితం కింద రాసి సంతకం పెట్టి ఇమ్మంటాను. నేను వెళ్ళేది పడకలున్న ఆసుపత్రి. అదే చట్టంలో 28వ సెక్షన్ కింద సేవల్లో లోపం మీద ఫిర్యాదు చేయడానికి నాకు ఆ సంతకం కావాలి.